వైరు మింగిన వోల్టు

రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు వాడేవాళ్ళకి ఆ గుర్తు బాగా తెలుసు. తెర మీద కుడివైపు పైమూలన పసుపుపచ్చగా ఒక మెరుపు బొమ్మ తళుక్కుమని మాయమవుతుంది. వోల్టేజి చాలడం లేదని బోర్డు పెట్టుకునే మొర అది. దాన్ని చూసి అడాప్టర్ మార్చేవాళ్ళు కొందరే. అది కనబడకుండా చేసే ఉపాయం అడిగేవాళ్ళే ఎక్కువ. ఉపాయం లేకపోలేదు. కాన్ఫిగ్ ఫైలులో ‘అవాయిడ్ వార్నింగ్స్’ అని రాసి, దానికి ఎదురుగా 1 పెడితే మెరుపు ఇక మీ జోలికి రాదు. 2 పెడితే మరీ ఘనం. వోల్టేజి పడిపోయినా వేగం తగ్గించుకోనక్కర్లేదని బోర్డుకి అనుమతి ఇచ్చేసినట్టే. ఇలాంటి సదుపాయం కల్పించినవాళ్ళ ఔదార్యం నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

కరెంటు చాలనప్పుడు బోర్డు ఠక్కున ఆగిపోతే ఏ పేచీ ఉండదు. అది ఆగదు. లాక్కొస్తూనే ఉంటుంది. కీబోర్డులో ఒకసారి నొక్కిన అక్షరం నాలుగుసార్లు పడుతుంది. వైఫై డాంగిల్ ఉన్నట్టుండి మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. పెన్ డ్రైవ్‌లోని ఫైళ్ళు సగం కాపీ అయి నిలిచిపోతాయి. ఇంకొన్నాళ్ళకి మెమరీ కార్డులో రాత చెడి, బోర్డు మొదలవడమే మానేస్తుంది. ఇన్ని జరిగినా కరెంటు మీదికి అనుమానం పోదు, బోర్డు నడుస్తూనే ఉంది కదా! పాత మోడళ్ళలో తికమక ఇంకా ఎక్కువ. వాటిలో నెట్‌వర్క్ కేబుల్‌కీ యూఎస్‌బీ పోర్టులకీ కలిపి ఒకటే చిప్పు. యూఎస్‌బీలో ఏదో బరువైన పరికరం పెట్టిన పాపానికి ఇంటర్నెట్ పోయేది. మనిషి వెళ్ళి రౌటర్‌ని ఆపి, మళ్ళీ వేసి, నెట్ కంపెనీవాణ్ణి తిట్టుకుంటూ కూర్చునేవాడు.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్న పాత పాటలన్నీ ఒకచోట చేర్చి, ఎవరి ఫోన్లో వాళ్ళు వినేలా ఏర్పాటు చేద్దామని పై 3కి ఒక పోర్టబుల్ హార్డ్ డిస్కు తగిలించాడు. ఒక సాయంత్రం ఆ రెండింటినీ సంచిలో వేసుకుని వచ్చాడు.

“డిస్కు పోయినట్టుంది మావయ్యా.”

“ఎలా తెలుసు?”

“చప్పుడు చేస్తోంది. కానీ లాప్‌టాప్‌కి పెడితే బానే నడుస్తోంది. అందుకే పైలో పోర్టు పోయిందేమోనని ఇంకో అనుమానం. నాలుగు పోర్టుల్లోనూ పెట్టి చూశాను. ఓఎస్ కూడా మళ్ళీ ఎక్కించాను.”

పెట్టి చూపించమన్నాను. బోర్డు మొదలైంది. డిస్కు సుయ్‌మంటూ తిరగడానికి సిద్ధమై, ‘టిక్’మని ఆగింది. మళ్ళీ సుయ్, మళ్ళీ టిక్. తెర మీద మెరుపు రానూ పోనూ. ఆ చప్పుడు వింటే ఎవరైనా డిస్కు పోయిందనే అంటారు. కానీ లాప్‌టాప్ మీద హాయిగా తిరిగే డిస్కు పై మీద మొరాయిస్తోందంటే లోపం డిస్కులో లేదనే. రెండున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఒకటి రెండు సెకన్లపాటు దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది. వేగం అందుకున్నాక అందులో సగంతోనో ఇంకా తక్కువతోనో సరిపెట్టుకుంటుంది. ఆ ఒకటి రెండు సెకన్లు గట్టెక్కించలేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

వాడు వాడుతున్నది ఫోన్ ఛార్జర్. వెనక 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది. వైరు మాత్రం వేరే ఎక్కడో కొన్నది. నీలం రంగులో, పట్టీలా చదునుగా, ఒక మీటరుకి పైనే పొడుగు ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

ఛార్జర్ మీద రాసిన 5 వోల్టులు ఛార్జర్ మూతి దగ్గరి మాట. బోర్డు మూతి దగ్గర ఎంత ఉందో ఆ రాత చెప్పదు. నడుమ వైరు ఉంది. పల్లెలో పెరిగినవాళ్ళకి ఈ లెక్క పుట్టుకతోనే వచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో ఫ్యాను గిర్రున తిరుగుతుంటే, పొలాల్లో మోటార్లు వేసిన వేళకి లైను చివరింట్లో రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, ట్యూబ్‌లైటు కొట్టుకుంటుందే తప్ప వెలగదు. రెండిళ్ళకీ కరెంటు ఒకచోటి నుంచే వస్తుంది. దారిలో తీగ తన వాటా తీసుకుంటుంది, ఎంత ఎక్కువ లాగితే అంత ఎక్కువ తీసుకుంటుంది. అదే సూత్రం ఈ మీటరు వైరుకీ వర్తిస్తుంది. పైగా 230 వోల్టుల్లో అర వోల్టు పోతే ఎవరికీ పట్టదు. 5 వోల్టుల్లో అర వోల్టు అంటే పదో వంతు.

లెక్క వేసే చూద్దాం, ఇది నాకు ఇష్టమైన లెక్క. వైర్ల మందాన్ని గేజుల్లో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం. 28 గేజు రాగి తీగకి మీటరుకి 0.21 ఓమ్‌ల అడ్డంకి. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబుల్ అంటే రెండు మీటర్ల తీగ, అంటే సుమారు 0.43 ఓమ్‌లు. 2 ఆంపియర్లు లాగితే వైరులోనే 0.85 వోల్టు ఆవిరైపోతుంది. 5 వోల్టులని బయల్దేరింది బోర్డు చేరేసరికి 4.15. పై తన మెరుపు గుర్తు చూపించే గీత 4.63 వోల్టుల దగ్గర ఉంది. ఆ గీతకి మనం చాలా కిందనే ఉన్నాం. అదే 24 గేజు వైరైతే పోయేది 0.34 వోల్టు. మిగిలేది 4.66. గీత మీద నడక అన్నమాట, ఒక్క పెన్ డ్రైవ్ అదనంగా పెడితే కాలు జారుతుంది. 20 గేజు అయితే 0.13 మాత్రమే పోతుంది, ఇక దిగుల్లేదు. రాస్‌ప్‌బెర్రీ వాళ్ళే అమ్మే అడాప్టర్ మీద 5 వోల్టులకి బదులు 5.1 అని ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. దారి ఖర్చు ముందే కలిపి పంపుతున్నారు. వైరుని అడాప్టర్‌కే అతికించి అమ్మడంలోనూ తెలివి ఉంది. ఊడదీసి ఇంట్లో ఉన్న ఇంకో వైరు పెట్టుకునే అవకాశం మనకి ఇవ్వరు.

అదే వైరుతో ఫోన్ చక్కగా ఛార్జ్ అవుతుంది కదా అని మావాడు అడిగాడు. అవుతుంది. ఫోనులో బ్యాటరీ ఉంది, దానికి తొందర లేదు. వోల్టేజి తగ్గిందని తెలిస్తే తనే లాగడం తగ్గించుకుంటుంది, ఓ అరగంట ఆలస్యంగా నిండుతుంది. పైకి బ్యాటరీ లేదు. ఆ క్షణానికి కావాల్సింది ఆ క్షణంలోనే అందాలి.

మెరుపు కనబడాలంటే తెర ఉండాలి. తెర లేకుండా అటక మీద పడి ఉండే పైల సంగతి చూడ్డానికి ఒక కమాండు ఉంది, ‘వీసీజెన్‌కమాండ్ గెట్ థ్రాటిల్డ్’. నాకు దాని మీద గౌరవం ఎక్కువ, ఎందుకంటే దానికి జ్ఞాపకశక్తి ఉంది. 0ఎక్స్0 అని వస్తే నిశ్చింత. 0ఎక్స్50005 వస్తే ఈ నిమిషంలో వోల్టేజి చాలడం లేదు, వేగం కూడా తగ్గించుకుంది. 0ఎక్స్50000 వస్తే ఇప్పుడు బాగానే ఉంది గానీ, చివరిసారి ఆన్ చేసింది మొదలు ఎప్పుడో ఒకప్పుడు పడిపోయింది. రాత్రి రెండింటికి ఎవరూ చూడనప్పుడు జరిగినదాన్ని కూడా పొద్దున లేచాక చెబుతుంది. మావాడిది 50005. కెర్నల్ లాగ్ తెరిస్తే ‘అండర్ వోల్టేజ్ డిటెక్టెడ్’, వెంటనే ‘వోల్టేజ్ నార్మలైజ్డ్’, మళ్ళీ ‘డిటెక్టెడ్’ అంటూ పేజీలకి పేజీలు. ఒక్కో జతకీ డిస్కు ఒక్కో టిక్ అన్నదన్నమాట.

ఇంత సాక్ష్యం ఉన్నా మల్టీమీటరు తీయకుండా ఉండలేం. జీపీఐఓ పిన్నుల్లో బోర్డు అంచు వైపు వరసలో మొదటిది 2వ పిన్ను, అక్కడ 5 వోల్టులు ఉంటాయి. అదే వరసలో మూడోది 6వ పిన్ను, అది గ్రౌండు. ఎర్ర ప్రోబ్ అక్కడ, నల్లది ఇక్కడ. చెయ్యి వణికి ప్రోబు పక్క పిన్నుకి తగిలితే వోల్టేజి సమస్య శాశ్వతంగా తీరిపోతుంది, బోర్డుతో సహా. డిస్కు తీసేసి చూస్తే 4.8 చిల్లర. డిస్కు పెట్టగానే అంకెలు కిందికి జారి, టిక్ అన్నాక మళ్ళీ పైకి ఎక్కాయి. ఇక్కడొక జాగ్రత్త. మీటరు చూపించేది సగటు. వోల్టేజి కొన్ని మిల్లీసెకన్లు పడి లేస్తే మీటరుకి అసలు తెలియదు, బోర్డుకి తెలుస్తుంది. మీటరులో బాగానే ఉంది, బోర్డే అబద్ధమాడుతోంది అనుకునేవాళ్ళని చూశాను. బోర్డునే నమ్మాలి.

ఈ బోర్డు పుట్టిననాటి నుంచీ కరెంటుతో దానికి పేచీయే. 2012 ఫిబ్రవరి 29న మొదటి పై అమ్మకానికి వచ్చినప్పుడు, దాని యూఎస్‌బీ పోర్టులకి 140 మిల్లీ ఆంపియర్ల పాలీఫ్యూజులు ఉండేవి. యూఎస్‌బీ 2 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు ఇవ్వాల్సింది 500. కీబోర్డు, మౌసు అయితే సరే, కొన్ని వైఫై డాంగిళ్ళకే ఊపిరాడేది కాదు. ఆ ఏడాదే వాటిని తీసేశారు. తీసేస్తే ఇంకో చిక్కు, నడుస్తుండగా ఏదైనా పరికరం గుచ్చితే బోర్డే రీసెట్ అయ్యేది. 2014లో వచ్చిన బి ప్లస్‌తో గానీ ఆ రెండు బాధలూ తగ్గలేదు. 2019లో పై 4 టైప్-సి సాకెట్‌తో వచ్చింది. సాకెట్‌లో రెండు పిన్నులకి రెండు రెసిస్టర్లు విడివిడిగా ఉండాల్సింది, రెండింటికీ కలిపి ఒక్కటే పెట్టారు. దాంతో లోపల చిప్పు ఉన్న ఖరీదైన కేబుళ్ళు తగిలిస్తే, అవతల ఉన్నది హెడ్‌ఫోన్ లాంటి పరికరమని ఛార్జర్ పొరబడి కరెంటే ఇచ్చేది కాదు. చవక కేబుళ్ళతో శుభ్రంగా నడిచేది. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు. మంచి వైరు కొనుక్కోమని ఊరందరికీ చెప్పే నాలాంటివాళ్ళకి ఆ కొన్నాళ్ళు నోరు పెగల్లేదు.

వైరు కొందామని కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాం. ఎలక్ట్రానిక్ సరుకుకి హైదరాబాద్‌లో అదే పుట్టిల్లు. కేబుల్ తొడుగు మీద, వెలుతురుకి పెడితే గానీ కనబడని అక్షరాల్లో, ‘28ఏడబ్ల్యూజీ/1పి + 24ఏడబ్ల్యూజీ/2సి’ లాంటి రాత ఒకటి ఉంటుంది. మొదటిది డేటా తీగల జత, అది సన్నగా ఉన్నా ఫర్వాలేదు. రెండోది కరెంటు మోసే రెండు తీగలు, మనం చూడాల్సింది దాన్నే. అక్కడా 28 అనే ఉంటే తిరిగి ఇచ్చేయాలి. అసలు ఏ రాతా లేకపోతే మరీ అనుమానించాలి. దుకాణం కుర్రాణ్ణి గేజు ఎంతని అడిగితే మావాడి ముఖంలోకి చూశాడు. “గేజ్ గీజ్ తెల్వదు అన్నా. ఇది ఫాస్ట్ ఛార్జింగ్, మంచిగుంటది. తీస్కపో.” కట్ట విప్పించి, ఒక్కొక్కటీ దీపానికి పెట్టి చదువుతుంటే మా వెనక ఇద్దరు ముగ్గురు గిరాకీలు పోగయ్యారు. చివరికి పొట్టిది, అరమీటరుది, 22 గేజుది ఒకటి దొరికింది. పొడుగు సగమైతే నష్టమూ సగమే. ఈ సంగతి ఎవరూ డబ్బా మీద రాయరు, జనం మాత్రం ఎంత పొడుగుంటే అంత మంచిదని కొంటారు.

వైరు మారాక డిస్కు తిరిగింది. అయినా పాటలు కాపీ చేసేటప్పుడు అప్పుడప్పుడూ మెరుపు వస్తూనే ఉంది. ఛార్జర్ 2 ఆంపియర్లది, పై 3కి వాళ్ళు చెప్పేది 2.5. అందుకని డిస్కుని బోర్డు మీద నుంచి దించి, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్బుకి తగిలించాం. డిస్కు తిండి హబ్బు పెడుతుంది, పైతో దానికి డేటా వరకే సంబంధం. హబ్బు కొన్నాక ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. పై అడాప్టర్ పీకేసి, హబ్బుది ఉంచి చూడాలి. అప్పటికీ బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంటే ఆ హబ్బు యూఎస్‌బీ వైరులోంచి కరెంటుని వెనక్కి తోస్తోందన్నమాట. చవక హబ్బుల్లో ఇది మామూలే. రాకూడని దారిన కరెంటు వస్తోంది కాబట్టి ఆ హబ్బుని మార్చేయడమే మేలు. మాది ఆ పరీక్షలో నెగ్గింది.

ఈ మధ్య వాడు పై 5 కొన్నాడు. అది 2023లో వచ్చిన మోడలు, 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు అడుగుతుంది, దానికి రాస్‌ప్‌బెర్రీ వాళ్ళు అమ్మేది 27 వాట్ల అడాప్టర్. వాడు తన లాప్‌టాప్ ఛార్జర్ పెట్టాడు. పెట్టగానే ఈ అడాప్టర్ 5 ఆంపియర్లు ఇవ్వలేదు, పరికరాలకి కరెంటు తగ్గిస్తున్నానని బోర్డు నోటీసు ఇచ్చింది.

“ఇది 65 వాట్లది మావయ్యా! అడిగిందానికి రెట్టింపు కంటే ఎక్కువ.”

65 వాట్లు నిజమే, 20 వోల్టుల దగ్గర. అక్కడ 3.25 ఆంపియర్లు ఇస్తుంది. 5 వోల్టుల దగ్గరికొచ్చేసరికి దాని చెయ్యి 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది, అంటే 15 వాట్లు. పైకి 20 వోల్టులతో పనిలేదు. కొత్త బోర్డు ఈ బేరం ముందే ఛార్జర్‌తో ఆడుకుంటుంది. 5 ఆంపియర్లు ఉన్నాయంటే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.6 ఆంపియర్లు వదులుతుంది, లేవంటే 600 మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టమంటుంది. కాన్ఫిగ్‌లో ఒక లైను రాసి ఆ కట్టడి ఎత్తేయించుకోవచ్చు గానీ, రాస్తే ఛార్జర్‌లో కొత్తగా బలం పుట్టదు. వద్దన్నాను.

“అంటే ఇంకోటి కొనాలా?”

“కొనాలి.”

వంటింట్లోంచి మా అక్క అందుకుంది. “మళ్ళీ ఛార్జరా? టీవీ కింద సొరుగు నిండా ఉన్నవేంట్రా మరి?”

వాడు సొరుగు తీసి ఒక్కొక్కదాని వెనకా చదవడం మొదలుపెట్టాడు. 5 వోల్టులు 1 ఆంపియర్, 5 వోల్టులు 2, 9 వోల్టులు 2, 12 వోల్టులు ఒకటిన్నర. ఎప్పుడో పోయిన సెట్‌టాప్ బాక్సుదీ ఉంది. 5 కి 5 రాసినది ఒక్కటీ లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాడు. అది వచ్చేదాకా డిస్కు హబ్బు మీదే నడుస్తోంది.