బేసు పిలకాయ వెళ్ళిపోయాక

రండి, ఇటు జరిగి కూర్చోండి. ఈశాన్యం గాలి కదా, అటు కూర్చుంటే పొగంతా మీ కళ్ళలోకే వస్తుంది. ధనుర్మాసంలో మైపాడు ఒడ్డున రాత్రి ఎనిమిది దాటిందంటే మంట వేసుకోక తప్పదు. సరుగుడు తోపు పక్కనే ఉంది, పుల్లలకు కొదవ లేదు. మంట అందుకునేలోగా ఒక సంగతి చెబుతాను. సాయంత్రం నుంచి అదే మనసులో మెదులుతోంది.

మా పిలకాయలకి ఒక బ్యాండు ఉంది. నలుగురు. పాడే అమ్మాయి, గిటారుకొకడు, డ్రమ్స్‌కొకడు, బేసు గిటారుకొకడు. సినిమా పాటలు వాయించరు. సొంతంగా రాసుకుంటారు, సొంతంగా బాణీ కట్టుకుంటారు. రొయ్యల మేత దాచే పాత షెడ్డు వాళ్ళ సాధన గది. మోత బయటికి పోకుండా ఖాళీ మేత సంచుల్ని కలిపి కుట్టి గోడలకు వేలాడదీశారు. చుట్టూ గుంటలు, రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి. డ్రమ్స్ పిలకాయ ఆ చప్పుడు వింటూ పెరిగినవాడు. అందుకేనేమో వాడి చెయ్యి ఎప్పుడూ తొందరపడదు.

ఇవాళ ఆ నలుగురిలో ఒకడు తగ్గాడు. బేసు పిలకాయకి శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది. షిఫ్టుల పని, అక్కడే గది తీసుకుని ఉండాలి. పొద్దున బస్సెక్కాడు. సాయంత్రం మిగిలిన ముగ్గురూ మామూలుగానే షెడ్డుకి వచ్చారు, నేనూ వెళ్ళి మేత బస్తా మీద కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు. గిటారు ఉంది, గొంతు ఉంది, దెబ్బ ఉంది, అయినా పాట నిలబడలేదు. బేసు వాయిస్తున్నన్నాళ్ళూ అది చెవికి పెద్దగా ఆనదు. లేనప్పుడు తెలుస్తుంది, అడుగు ఊడిన బిందెలో నీళ్ళు పోసినట్టు. రెండు చరణాలయ్యేసరికి ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆపేశారు.

"ఏం పెదనాన్నా, బ్యాండు ఇంక అయిపోయినట్టేనా?" అనింది ఆ అమ్మాయి. ఏడుపు ఆపుకుంటోంది పాపం.

అప్పుడు వాళ్ళకి చెప్పిన కబురే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నెల్లూరులో తిప్పరాజువారి వీధి తెలుసు కదా. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, అదే మన బాలు గారి ఇల్లు అక్కడే ఉండేది. 2020 ఫిబ్రవరిలో, పోవడానికి కొన్ని నెలల ముందు, దాన్ని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. హరికథంటే మాత్రం ఏంటి, అదీ బ్యాండే. హరిదాసు ముందు నిలబడి చిరతలు పట్టి, గజ్జె కట్టి కథ నడిపిస్తాడు, వెనక మృదంగం, ఫిడేలో హార్మోనియమో ఉంటాయి. ఈ ఊరికి ఈ మృదంగం, ఆ ఊరికి ఆ ఫిడేలు. మనిషి మారాడని కథ ఆపినవాళ్ళు లేరు. బాలు ఆ వాతావరణంలో పెరిగారు.

బాలు గారనగానే మనకు గుర్తొచ్చేది మైకు ముందు ఒక్కడే నిలబడిన మనిషి. దానికి ముందు కథ చాలామందికి తెలియదు. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువు టైఫాయిడ్ వల్ల ఆగిపోయింది. మద్రాసు వెళ్ళి ఏ.ఎం.ఐ.ఇ.లో చేరారు. 1964లో అక్కడి తెలుగు సాంస్కృతిక సంస్థ పోటీలో మొదటి బహుమతి, 1966 డిసెంబరు 15న శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న సినిమాకి కోదండపాణి గారి సంగీతంలో మొదటి పాట. అంతటితో జీవితం గట్టెక్కిందనుకునేరు, అప్పటికి ఆయన ఇంకా అవకాశాల కోసం చూసే కుర్రవాడే. కచేరీలకు ఒక లైట్ మ్యూజిక్ జట్టు కట్టుకున్నారు. అందులో ఎవరెవరున్నారో వినండి. హార్మోనియం అనిరుద్ధ. గిటారు ఇళయరాజా. తాళవాద్యాలు భాస్కర్. ఇంకో గిటారు గంగై అమరన్. పాట, నాయకత్వం మన బాలు.

ఇళయరాజా, భాస్కర్, అమరన్ అన్నదమ్ములు. మధురై దాటి పణ్ణైపురం అనే ఊరు వాళ్ళది. పెద్దన్న పావలర్ వరదరాజన్ నడిపే జట్టులో పద్నాలుగేళ్ళకే చేరి, ఊరూరా తిరిగి పాడిన పిల్లవాడు ఇళయరాజా. అరవయ్యో దశకం చివర మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్నారు. చేతిలో గిటారు, పొట్టకూటికి కచేరీలు. నెల్లూరు కుర్రవాడూ, పణ్ణైపురం అన్నదమ్ములూ ఒక వేదిక మీద కలిశారు. అప్పటికి ఎవరికీ పేరు లేదు.

ఇందులో నాకు ఎంతో ఇష్టమైన ముక్క ఒకటుంది. ఇళయరాజా ఆ జట్టులో మొదట గిటారు వాయించి, తరవాత హార్మోనియానికి మారారు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ లైట్ మ్యూజిక్‌లో హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాడి పని వేరు. పల్లవికి ముందు శ్రుతి అందించాలి. పాడేవాడు ఊపిరి తీసుకునే చోట ఖాళీ కనబడకుండా నింపాలి. సినిమాలో నలభై వయొలిన్లు పలికిన ముక్కని పది వేళ్ళతో గుర్తు చెయ్యాలి. గిటారు పాటకి తోడు నడిస్తే, హార్మోనియం పాటని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఏళ్ళ తరవాత అంత పెద్ద వాద్యబృందాలకి ఎవరెక్కడ ఏం వాయించాలో కాగితం మీద రాసిచ్చిన మనిషి ఒకప్పుడు అటు తీగల మీదా, ఇటు మెట్ల మీదా వేళ్ళు ఆడించి వచ్చాడంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ జట్టు అలాగే ఉండిపోలేదు. 1969లో అడిమైప్పెణ్ సినిమా పాటతో బాలు గొంతు తమిళనాడంతా మోగింది. ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేరి, 1976లో అన్నక్కిళి సినిమాతో సంగీత దర్శకుడయ్యారు. గంగై అమరన్ సంగీత దర్శకుడయ్యారు, సినిమాలూ తీశారు. కరకాట్టక్కారన్ ఆయనదే. పాత కచేరీ జట్టు ఇంక లేదు. కానీ 1983 సాగర సంగమం తీసుకోండి. సంగీతానికి ఇళయరాజాకి, పాటకి బాలుకి ఒకే సినిమాలో జాతీయ పురస్కారాలు. 1988లో రుద్రవీణకి మళ్ళీ అంతే, ఇద్దరికీ. తెరమీద పేర్లు సంగీత దర్శకుడు, గాయకుడు అని వేరుగా పడ్డాయి గానీ, నా లెక్కలో అది ఆ పాత లైట్ మ్యూజిక్ జట్టే.

అంతా తీపేనని చెప్పను. 2017లో బాలు గారు తన యాభై ఏళ్ళ పాటల యాత్రలో అమెరికాలో ఉండగా, తాను బాణీ కట్టిన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది. మనలాంటివాళ్ళం ఆ వార్త చదివి అన్నం సయించక కూర్చున్నాం. 2019లో ఇద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. 2020 ఆగస్టులో బాలు ఆసుపత్రిలో ఉంటే ఇళయరాజా ఒక వీడియోలో లేచి రమ్మని పిలిచారు. తమ స్నేహం సినిమాతో మొదలవలేదని, అంతకు ముందు కచేరీలతోనే మొదలైందని గుర్తు చేశారు. అన్ని వేల పాటల తరవాత ఆయన మనసు ఆ పాత వేదిక దగ్గరికే వెళ్ళింది. సెప్టెంబరు 25న బాలు వెళ్ళిపోయారు.

ఒక్క నిమిషం, ఆ మొద్దు ఇటు తొయ్యండి. ఆరిపోతోంది.

నోటీసు మాట వచ్చింది కాబట్టి, ఆ పిలకాయలకి నేను గట్టిగా చెప్పింది ఇదే. పాట ఎవరిది అనే ప్రశ్న పేరొచ్చాక పుట్టేది కాదు, షెడ్డులోనే పుడుతుంది. సినిమా పాట రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో వాటా మీద తీసెయ్యలేని హక్కు ఉండాలని మన కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. పెద్దవాళ్ళకే అంతకాలం పట్టింది. మీరు ఒక నోటుబుక్కు పెట్టండి, ఏ పాటలో ఏ ముక్క ఎవరు కట్టారో తారీఖుతో రాసుకోండి అన్నాను. వెళ్ళినవాడి పేరు కొట్టెయ్యకండి అన్నాను. వాళ్ళ రెండో పాటలో మొదట వచ్చే ఆ నాలుగు స్వరాల నడక వాడిది. రేపు వేరేవాడు వాయించినా అది వాడిదే.

ఈ తరం కథ కూడా ఒకటి చెప్పాను. హైదరాబాదులో చౌరస్తా అనే బ్యాండు తెలుసా? యశ్వంత్ నాగ్ మొదలుపెట్టింది. పొట్టకోసం ఊరొదిలి వచ్చి మళ్ళీ ఊరికి పోవాలనుకునేవాళ్ళ మీద వాళ్ళు కట్టిన ఊరెళ్ళిపోతా మామా పాట ఊరూరా పాకింది. పాడింది రామ్ మిరియాల. 2020లో ఆయన బయటికొచ్చారు. ఆ గొంతు లేని చౌరస్తా ఏం చౌరస్తా అని నేనూ అనుకున్నాను. నాది తొందర. ఆయన జాతిరత్నాలు సినిమాలో చిట్టి పాట పాడితే తెలుగు పిలకాయలంతా అదే పాడుకున్నారు. ఇటు చౌరస్తా వేరే గొంతులతో వేదికలెక్కుతూనే ఉంది. ఒక పొయ్యిలోంచి నిప్పు తీసుకుని ఇంకో పొయ్యి వెలిగించుకున్నట్టు అయింది. మొదటి పొయ్యి ఆరలేదు. బీటిల్స్ కూడా మొదటి పెద్ద రికార్డుకు ముందే, 1962 ఆగస్టులో, డ్రమ్మర్ని మార్చుకున్నారు. పీట్ బెస్ట్ పోయి రింగో స్టార్ వచ్చాడు. ఇప్పుడు ఆ నలుగురే పుట్టుకతో కలిసి ఉన్నట్టు మనకనిపిస్తుంది.

ఇంత చెప్పినా ఆ అమ్మాయి ముఖం తేటపడలేదు. అది నాకు నచ్చింది కూడా. మూడేళ్ళు పక్కన నిలబడినవాడు లేకపోతే బాధపడకుండా ఎట్లా ఉంటుంది? బాలు కథ విని మర్చిపోయే బాధ కాదది.

అప్పుడు గిటారు అబ్బాయి మూల నుంచి ఒక సంచి తెచ్చాడు. బేసు గిటారు. వాడు తీసుకెళ్ళలేదు! "గదిలో పెట్టుకుంటే ఎవురు వాయిస్తారు, ఈడే ఉండనీ" అన్నాడంట. జిప్పు తీశారు. లోపల జేబులో బూట్ల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఏడెనిమిది, ఒక పాత లుంగీ గుడ్డ. సముద్రపు గాలికి ఇక్కడ తీగ వారానికే తుప్పు రంగు తేలుతుంది. వాయించిన ప్రతిసారీ నాలుగు తీగల్నీ పైనుంచి కింద దాకా తుడిచేవాడు, చిన్నపిల్లకి తలంటినట్టు. తీగలు ఇంకా మెరుస్తున్నాయి. బస్సెక్కే ముందు కూడా తుడిచే పోయినట్టున్నాడు.

ఆ అమ్మాయి బెల్టు భుజాన వేసుకుంది. బరువుకి కాస్త పక్కకి ఒరిగింది. లావు తీగ మీద బొటనవేలు పెట్టి ఒకసారి లాగింది. మేత సంచులు అదిరాయి. రెండోసారి లాగింది. డ్రమ్స్ పిలకాయ కర్రలు తీసుకోలేదు, "బిన్నా వద్దు అక్కా, నిదానంగా, ఆ గుంటలో చప్పుడు విను" అన్నాడు. ముగ్గురూ తలుపు వైపు చెవులు పెట్టారు. ఏరియేటర్లు చిలుకుతున్నాయి. ఆమె ఆ చిలుకుడు మీద ఒకే తీగ, ఒకే స్వరం, మళ్ళీ మళ్ళీ వేసింది. పది నిమిషాలకి వేలు ఎర్రగా కమిలింది. గుడ్డ తీసుకుని తీగ తుడిచి, మళ్ళీ వేసింది.

నేను వచ్చేటప్పటికి ఇంకా వేస్తూనే ఉంది. గాలి ఇటు తిరిగితే మీకూ వినపడుతుంది, కాసేపు ఆగండి.