తకిటకు పన్నెండు గడులు

పెండ్లిళ్ల సీజన్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు మీద ఓ సాయంత్రం నిలబడి చూడండి. ముందు డీజే బండి, వెనక బరాత్, ముసలీ ముతకా పిల్లాజెల్లా అందరివీ ఒకే స్టెప్పులు. ఆ పాట ఏ పెద్ద స్టూడియోలోనో తయారైందనుకుంటాం గానీ, చాలావరకు ఎవరో కుర్రాడు ఇంట్లో కూర్చుని ఎఫ్ఎల్ స్టూడియోలో కుట్టిందే అయివుంటుంది.

బెల్జియం వాళ్లు 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. 2003లో పేరు మార్చారు. తెరవగానే వరసగా 16 గడులు కనిపిస్తాయి. నొక్కిన గడిలో దెబ్బ పడుతుంది. ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు గడుల్లో కిక్ పెట్టారా, క్లబ్బు పాట సిద్ధం. అదంతా తకధిమి లెక్క. మన తీన్‌మార్‌ది తకిట నడక కదా! పదహారు గడుల్లో ఇరికిస్తే కుంటుతుంది. బీటుకు మూడు చొప్పున పన్నెండు చేసుకుంటే అప్పుడు కాలు కదులుతుంది.

అసలు తిప్పలు పాటతో. జానపదం పాడే ఆవిడ చెవిలో తాళం క్లిక్ పెట్టుకుని పాడదు. పల్లవి నిదానంగా ఎత్తుకుని, పోనుపోను జోరు పెంచుతుంది. కింద లూపు పరిచి వదిలేశారో, రెండో చరణానికల్లా పాట ముందు, డప్పు వెనక. అందుకే పాదం పాదం కోసి, ఒక్కో ముక్క మొదటి అక్షరాన్ని గీతకు ఆనించాలి. శ్రుతి మారనివ్వని స్ట్రెచ్ పెట్టకుండా వేగం పెంచితే ఆవిడ గొంతు కాస్తా చిలక పలుకైపోతుంది. నన్నడిగితే పనిమంతుడెవరో ఈ కోతలోనే తేలుతుంది. గడులు నొక్కడానికేముంది!

డప్పు శాంపిలూ అంతే. కుడిచేతి సిర్రది ఒక మోత, ఎడమచేతి చిటికెన పుల్లది ఇంకో మోత. ఒకటే దెబ్బను పన్నెండు చోట్ల అతికిస్తే మిషను కొట్టినట్టు ఇట్టే తెలిసిపోతుంది. గట్టివీ మెత్తవీ నాలుగైదు దెబ్బలు విడివిడిగా రికార్డు చేసి, మార్చి మార్చి వాడాలి.

కొట్టినవాడి సంగతంటారా? 1969లో ద విన్‌స్టన్స్ బృందం పాటలో గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు ఒంటరిగా డ్రమ్స్ వాయించాడు. ఆ ముక్క వేల పాటల్లోకి ఎక్కింది, ఆయనకు మాత్రం పైసా రాయల్టీ ముట్టలేదు. మన శాంపిల్ ప్యాకుల్లో మోగే డప్పు ఏ ఊరి మనిషిదో, ఆ ప్యాకు అమ్మేవాడికైనా తెలుసా అని నాకు అనుమానం.

ఇక వరస పేర్చడం. మొదట ఎనిమిది బార్లు ఉత్త బీటే ఉంచండి, వెనకటి పాటలోంచి ఇందులోకి జారడానికి ఆపరేటరుకు అదే ఆసరా. పల్లవి ముందు ఒక బారు డప్పు తీసేసి గొంతొక్కటే వదలండి. మళ్లీ డప్పు పడగానే జనం ఎగురుతారు. ఉన్న లూపులన్నీ ఒకేసారి మోగిస్తే ఎగరడానికి చోటేదీ? మీ సరుకంతా మాత్రం మొదటి రెండు నిమిషాల్లోనే పెట్టేయండి. పెండ్లికొడుకు మేనమామ వచ్చి వేరే పాట అడిగాడంటే, మీ మూడో చరణం ఎవరికీ వినపడదు.