మేము కాపురమున్న మూడు వీధులు

మా వివాహమైన ఇరవై యేండ్లలో బెజవాడలోనే ఆరు ఇండ్లు మారినాము. పాస్టరు కుటుంబమునకు సామాను సర్దుట క్రొత్త కాదు. పుస్తకములు, వంటపాత్రలు, హార్మోనియము, రెండు మంచములు అన్నీ కలిపి ఒక ట్రక్కు ఆటోలో పట్టును. ఇండ్లు ఆరైనను మనస్సులో నిలిచిన వీధులు మాత్రము మూడే. ఒకటి కొండమీద, ఒకటి ఏటి ఒడ్డున, ఒకటి పల్లములో.

2004లో థియాలజీ డిప్లొమా పూర్తిచేసి, పెండ్లి చేసికొని, మొగల్రాజపురము కొండమీద కాపురము పెట్టినాము. అక్కడ వీధి అంటే మెట్లే. రోడ్డు దగ్గర అద్దె ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. మా జీతమునకు 112వ మెట్టు దగ్గర ఇల్లు దొరికినది. ఆ యింటి వెనుక గోడ కట్టినది కాదు, కొండరాయే. మే నెలలో పగలంతా కాగిన ఆ రాయి అర్ధరాత్రి దాటినా వేడి కక్కుచుండెడిది. నీళ్ల కుళాయి క్రింద, ఇల్లు పైన. గ్యాసు బండ మోసే కుర్రవాడు మెట్లు చూచి చెప్పిన రేటుకు మారు పలికే ధైర్యము మాకు లేదు.

అయితే ఆ వీధిలో ఎవరి గడపా తొక్కకుండా ఎవరూ ఇల్లు చేరలేరు. ఎవరింట్లో ఏమి కూరో, ఎవరికి ఎవరితో మాటలు లేవో, పైకి చేరేలోగా తెలిసిపోవును. 2006 జూలైలో ఒక రాత్రి, వాన కురుస్తుండగా, మా శ్రీమతికి నొప్పులు మొదలైనవి. మెట్లు పాచి పట్టి జారుచున్నవి. నలుగురు కుర్రవాళ్లు చెప్పులు విడిచి, ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, 112 మెట్లూ దింపినారు. వారిలో ఒకడు అంతకు ముందు వారమే మా ప్రార్థన కూటము మైకు గురించి మాతో గట్టిగా పోట్లాడినవాడు. మరునాడు డబ్బు ఇవ్వబోతే, "టీ పోయించండి అయ్యగారూ, చాలు" అన్నాడు.

పసిబిడ్డతో మెట్లు ఎక్కలేక కృష్ణలంకకు మారినాము. ఆ యిల్లు దొరుకుటకు ముందు తొమ్మిది గడపలు ఎక్కి దిగినాము. "మీరేమిట్లు?" అని అడిగినవారు కొందరు, పాటలూ డోలకూ ఉంటాయా అని అడిగినవారు కొందరు. ఆ సంగతి పొడిగించము. కృష్ణలంకకు బస్టాండు దగ్గర. ఊళ్ల నుండి ఆసుపత్రి పనిమీద వచ్చిన ప్రతి బంధువూ, బంధువుల బంధువూ, మా యింట టీ త్రాగనిదే పోలేదు. సాయంకాలము కరకట్టమీద గాలికి కూర్చుంటే అద్దె ఎక్కువని తోచెడిది కాదు.

2009 అక్టోబరులో అదే కరకట్ట మమ్మును భయపెట్టినది. బెజవాడలో వాన లేదు. ఎగువన కర్నూలు మునిగినది. ఆ నీరంతా మాకు చేరుటకు రెండు మూడు దినములు పట్టినది. ఆటోలలో మైకులు పెట్టి వీధి వీధికీ చెప్పినారు. బ్యారేజి దగ్గర ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినది. పల్లపు వీధులలోనికి నీరు వచ్చినది. మేము ముందుగానే ఒక బడికి పోయినాము. మోకాలి లోతు నీటిలో పోయినవి రెండు అరల పుస్తకములు, ఒక పరుపు, అంతే. పెద్ద యేరు మర్యాదగలది, కబురు పెట్టి వచ్చును.

ఆ మాట మా శ్రీమతికి రుచించలేదు. "ఇక ఏటి ప్రక్కన వద్దు, కొండమీద వద్దు" అన్నది. అందుచేత 2015లో సింగ్‌నగర్ లోపలి వీధిలో మేడమీద రెండు గదులు తీసికొన్నాము. రోడ్డు చదునుగా ఉన్నది, కుళాయి ఇంట్లోనే ఉన్నది. క్రింది వాటాలో ఒక మామ్మగారు, ఆమె కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. నీళ్ల మోటారు కరెంటు బిల్లు దగ్గర తగవు వచ్చి, పది నెలలుగా మాకూ వారికీ మాటలు లేవు. పాస్టరు ఇల్లై యుండి అట్లుండుట సిగ్గే గాని, అట్లే ఉన్నాము.

2024 ఆగస్టు 31, శనివారము, మొగల్రాజపురములో కొండచరియలు విరిగిపడి కొందరు చనిపోయినారని విన్నాము. వెంటనే ఆ కుర్చీ మోసిన కుర్రవానికి ఫోను చేసినాము. అతడు, "మా మెట్ల వైపు ఏం కాలేదు. మీరెట్లా ఉన్నారు అయ్యగారూ?" అన్నాడు. "మాకేమి భయము? ఇక్కడ కొండా లేదు, ఏరూ లేదు" అన్నాము.

బుడమేరును మేము ఏరుగా లెక్కించలేదు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలిసే ఆ వాగు, మా కంటికి ఒక మురుగు కాలువ. మరునాడు ఆదివారము ఉదయము ఆరాధనకు బట్టలు ఇస్త్రీ చేయుచుండగా గేటు దగ్గర చీలమండ లోతు నీరు. మధ్యాహ్నమునకు క్రింది వాటాలో ఛాతీ లోతు. మైకు లేదు, కబురు లేదు. మామ్మగారిని కొడుకు వీపున వేసికొని మెట్లెక్కి వచ్చినాడు. మా గుమ్మము దగ్గర నిలిచి, లోపలికి రావచ్చునా అన్నట్లు చూచినాడు. ఆ చూపు మాకు మంచిది కాదు.

రెండు గదులలో తొమ్మిదిమందిమి. కరెంటు లేదు, ఫోనులు ఆరిపోయినవి. పడవలు పెద్ద రోడ్డు వరకే, మా లోపలి వీధికి రాలేదు. హెలికాప్టరు పైననే పోయెను. సోమవారము కొందరు యువకులు పీకల్లోతు నీటిలో టబ్బు లాగుకొనుచు వచ్చి పులిహోర పొట్లములు, 12 నీళ్ల సీసాలు ఇచ్చినారు. మా చిన్నవానికి జ్వరము. మేము ఎనిమిది సీసాలు అందరి యెదుట పెట్టి, నాలుగు మంచము క్రింద, ప్రసంగ నోట్సుల పెట్టె వెనుక దాచినాము. క్రింది వాటా పిల్లలు ఆ రాత్రి ట్యాంకు అడుగు నీరు త్రాగినారు.

ఆ మంచముమీద పడుకొన్నది మామ్మగారు. రాత్రి చీకటిలో పెట్టె జరిపి సీసా తీయుచుండగా మూత చప్పుడైనది. ఆమె మెలకువగానే ఉన్నది. కొంగు ముఖముమీదికి లాగుకొని గోడవైపు తిరిగినది.

బుధవారము పడవ వచ్చినది. తరువాత తెలిసినది, అదే సోమవారము కృష్ణ 2009 కంటె ఎక్కువగా వచ్చినను, నడుమ కట్టిన రక్షణ గోడ కృష్ణలంకను కాపాడినదట. నీరు దిగిన తరువాత ఫైరింజన్లు వచ్చి బురద కడిగినవి. ప్రభుత్వము క్రింది వాటాలకు 25,000, మేడలకు 10,000 ప్రకటించినది. మోటారు తగవు దసరా నాటికి మరల వచ్చినది గాని, ఈసారి మాటలు ఆగలేదు.

ఒక దినము మామ్మగారు మెట్ల క్రింద నిలిచి పిలిచినది.

"పాస్టరమ్మగారూ, ఆ నీళ్ల సీసాలు ఖాళీవి ఉంటే ఇవ్వండమ్మా, నూనె పోసుకోడానికి. ఎనిమిదీ మా దగ్గరే ఉన్నాయి, ఇంకో నాలుగు కావాలి."

మా శ్రీమతి ఆ నాలుగూ కడిగి, తుడిచి, క్రిందికి తీసికొనిపోయినది. మేము మేడమీదనే ఉండిపోయినాము.