తల్లి మౌనం, బిడ్డ మాట

ఒకటో తరగతిలో చేరిన పిల్ల నోరు విప్పకపోతే మేము పంతుళ్లం ముందు భాషనే అనుమానిస్తాం. ఇంట్లో కోయ మాట, బళ్లో తెలుగు మాట. చాలాసార్లు అదే నిజం. కోయలో పలకరించగానే పిల్ల నవ్వేస్తుంది. కానీ ఇంటి భాషలో పిలిచినా తలెత్తని పిల్లలు అక్కడక్కడా ఉంటారు. అలాంటప్పుడు వినికిడి చూడాలి, తిండి చూడాలి, రక్తహీనత చూడాలి. వీటితోపాటు ఇంకొకటి కూడా చూడాలని మేము ఇళ్లు తిరిగి తెలుసుకున్నాం. ఆ బిడ్డను కన్నాక తల్లి ఎలా ఉంది?

మా గూడెంలో ఒక తల్లి ఉంది. తొలి కాన్పు బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. రెండో బిడ్డ పుట్టాక ఆమె నీళ్లు మోసేది, వంట చేసేది, పాలిచ్చేది. బిడ్డ ముఖం చూసి ఒక్క మాట మాట్లాడేది కాదు. రాత్రుళ్లు నిద్ర లేదు. భర్త మిరప తోటల పనికి పోయాడు. గాలి సోకిందని కొందరు, పని తప్పించుకుంటోందని కొందరు అన్నారు. వడ్డె వచ్చి పూజ చేశాడు. ఆ పూజను మేము తప్పు పట్టం. నలుగురూ ఆమె చుట్టూ కూర్చున్న రోజు అదొక్కటే. తెల్లారితే మళ్లీ ఒంటరిదే.

బిడ్డకు పాలు ఎంత అవసరమో పలకరింపూ అంతే అవసరం. మెదడు చాలా వేగంగా పెరిగేది మొదటి మూడేళ్లలోనే. బిడ్డ 'ఊ' అంటే తల్లి 'ఊ' అంటుంది, బిడ్డ నవ్వితే తానూ నవ్వుతుంది. మాటకు అదే మొదటి పాఠం. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త ఒక పరీక్ష చేశాడు. ఆడిస్తున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ నవ్వి, చేతులు చాచి తల్లిని కదిలించాలని చూసింది. ఫలితం లేక చివరికి ముఖం తిప్పేసుకుంది. తల్లికి దిగులు జబ్బు నెలల తరబడి ఉంటే, ఆ బిడ్డకు అలాంటి గడియలు ఎన్నో.

ఇది తల్లి తప్పు కాదు. కాన్పయ్యాక కొద్ది రోజులు ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది జబ్బు. దానికి వైద్యం ఉంది. చావాలనిపిస్తోందని గానీ బిడ్డను ఏమైనా చేస్తానేమోనని గానీ ఆమె అంటే, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

మనలాంటి ఆదివాసీ పల్లెల్లోనే దీనికొక దారి కనిపించింది. జార్ఖండ్, ఒడిశాలలో ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్లను నెలనెలా ఒకచోట కూర్చోబెట్టి కాన్పు, పసిబిడ్డల కష్టాల గురించి మాట్లాడించింది. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఊళ్లలో నెలలోపు బిడ్డల మరణాలు 32 శాతం తక్కువ. మూడో ఏడాదికి తల్లుల్లో ఒక మోస్తరు దిగులు జబ్బు 57 శాతం తక్కువ. నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం మనకు కొత్త కాదు. బాలింతను కూడా అక్కడ కూర్చోబెట్టుకోవాలి, అంతే.

మా గూడెం తల్లి విషయంలో పక్కింటి ముసలమ్మ ఆ పని చేసింది. రోజూ బిడ్డను ఎత్తుకుని ఊసులాడేది. తల్లిని ఇప్పపూలు ఏరడానికి వెంట తీసుకెళ్లేది. ఆశా కార్యకర్త ఆసుపత్రికి తోడు పోయింది. మందులు నెలల తరబడి వాడాల్సి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు మూడో తరగతి. మాట కాస్త ఆలస్యంగానే వస్తుంది, కానీ అడిగితే జవాబు చెబుతుంది. తల్లి బడి గడప దాకా వచ్చి దింపి పోతుంది.

బాలింతను చూడబోతే మనమంతా బిడ్డ బరువెంత అని అడుగుతాం. యువతకూ తోటి పంతుళ్లకూ మేము చెప్పేది ఒక్కటే. ఇంకొక మాట కూడా అడగండి: "నీకు నిద్ర పడుతోందా, అక్కా?" అడిగాక ఆమె చెప్పేదాకా కూర్చోండి.