విమానం మెడలో మువ్వలు

మా అల్లుడికి విమానం ఉంది. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు నా వంక చూసే చూపు మారిపోతుంది. కుర్చీ కూడా కాస్త మంచిది లాగి వేస్తారు. తీరా ఆ విమానం వైభవం వర్ణించాక మళ్ళీ మామూలు మనిషినైపోతాను. అది రెండే రెండు సీట్ల సెస్నా 152. పుట్టింది 1980లో. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పచ్చికబయల్లో, రేకుల షెడ్డులో కాపురం. దానికి స్వంతదార్లు ఆరుగురు; మావాడిది ఆరో వంతు. లోపల ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. మా ఊరి జట్కాబండిలో ఇంతకన్న చోటుండేది.

పోయిన వేసవిలో అమ్మాయి దగ్గిరికి వెళ్ళేసరికి ఇంట్లో ఒక తగువు నడుస్తోంది. తొమ్మిదేళ్ళ మనవడు నాన్నతో విమానం ఎక్కుతానంటాడు. “పెట్టె కొనేదాకా వీల్లేదు” అంటుంది అమ్మాయి. మిగతా అయిదుగురూ ఒప్పుకోవాలి కదా అంటాడు అల్లుడు. ఏమిటా పెట్టె అని అడిగాను. అంతే, రెండు రోజులు నాకు వేరే కాలక్షేపం అక్కర్లేకపోయింది.

పెద్ద విమానాల సంగతి మనకి కొంత తెలుసు. 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమట చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానమూ, కజఖ్ విమానమూ ఢీకొని 349 మంది పోయిన వార్త ఆనాడు పేపరు చదివినవాళ్ళెవరూ మరిచిపోలేరు. ఆ తరవాతే మన దేశంలో టీకాస్ అనే యంత్రం తప్పనిసరి చేశారు. అది చుట్టుపట్ల విమానాలని రేడియోతో పలకరించి, దారులు కలిసేటట్టుంటే ఒకరిని పైకి పొమ్మని, ఇంకొకరిని కిందికి దిగమని చెబుతుంది. బ్రహ్మాండమైన యంత్రం. కాని దాని ధర ముందు మావాళ్ళ ముసలి సెస్నా ఏపాటిది?

అంచేత చిన్న విమానాలకి శాస్త్రం ఒక్కటే. కళ్ళతో చూడు, తప్పుకో. వినడానికి బాగానే ఉంది. మా ఊళ్ళో సైకిలు తొక్కేవాడు చేసేదీ అదే. అయితే ఆకాశంలో ఒక చిక్కుంది. ఢీకొనబోయే విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు. కదిలిపోతున్నదంటే అది మనని తప్పించుకుపోతున్నదన్నమాట. కదలకుండా ఒకేచోట చుక్కలా నిలబడిందే మృత్యువు. మన కళ్ళకేమో కదిలేది కనిపించినంత బాగా కదలనిది కనిపించదు. ఆ చుక్క చివరి క్షణాల దాకా చుక్కలాగే ఉండి, చటుక్కున విప్పారుతుంది.

అమెరికా విమానశాఖవారు దీనికొక లెక్క వేశారు. చూడడం, అది విమానమని పోల్చుకోవడం, మన మీదికే వస్తున్నదని గ్రహించడం, ఎటు తప్పుకోవాలో తేల్చుకోవడం, చెయ్యి కదపడం, విమానం మాట వినడం, అన్నీ కలిపి పన్నెండున్నర సెకన్లు. ఎదురెదురుగా వచ్చే రెండు సెస్నాల మధ్య దూరం ఆ పాటి సమయంలో సుమారు 1,300 మీటర్లు తగ్గిపోతుంది. అంత దూరంలో సెస్నా రెక్కల కొసనించి కొసదాకా ఎంత కనిపిస్తుందనుకున్నారు? చెయ్యి చాచి పట్టుకున్న జొన్నగింజంత. అదీ రెక్కలు కలిపి లెక్కవేస్తేనే. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి నిజంగానే వంటింట్లోంచి ఒక మిరియపు గింజ తెచ్చి అల్లుడి కళ్ళెదుట పట్టుకుంది.

ఇప్పుడా పెట్టె సంగతి. పూర్వం చీకటి దారుల్లో ఎడ్ల మెడలకి మువ్వల పట్టెడలు కట్టేవారు. ఎదురుబండి కనపడకపోయినా వినపడేది. ఇదీ అలాంటిదే. జీపీఎస్ ఉపగ్రహాల వల్ల తానెక్కడుందో, ఎంత ఎత్తున, ఎటు, ఎంత జోరుగా పోతున్నదో తెలుసుకుని, దాదాపు సెకనుకోసారి రేడియోలో చాటుతుంది. ఇతర విమానాలు చాటుకునేది తాను వింటుంది. అరచేతిలో ఇమిడేది, అద్దానికి అతికించుకునేదీ ఉంది. విన్నదంతా పైలటు ఒళ్ళోని టాబ్లెట్ మీద బొమ్మ కడుతుంది. సిగ్నల్ వినడం వరకే అయితే, బడిపిల్లలు ఆడుకునే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుతో ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

తమాషా ఏమిటంటే, మువ్వలన్నీ ఒక్క శ్రుతిలో మోగవు. 2004లో స్విట్జర్లండువాళ్ళు గ్లైడర్ల కోసం ఫ్లార్మ్ అని ఒకటి కనిపెట్టారు. ఇంజను లేని ఆ గ్లైడర్లు వేడిగాలి పైకి లేచేచోట గద్దల్లా ఒకదాని వెంట ఒకటి గిరికీలు కొడతాయి. దగ్గిరగా ఉన్నందుకల్లా గంట మోగితే పైలటుకి పిచ్చెక్కిపోతుంది. అంచేత ఫ్లార్మ్ రాబోయే దారిని లెక్కకట్టి, రెండు దారులూ కలిసేటట్టుంటేనే అరుస్తుంది. గట్టి బుర్ర! కాని దాని భాష వేరు, ఏడీఎస్-బీ అనే అంతర్జాతీయ పద్ధతిలో మాట్లాడే పెట్టెల భాష వేరు. రెండూ తెలిసినవి లేకపోలేదు, ధర పెరుగుతుంది. ఇవికాక అసలేమీ కట్టుకోని మూగవిమానాలు ఎన్నో. అమెరికాలో 2020 జనవరి 1 నించి రద్దీ ఆకాశాల్లో ఏడీఎస్-బీ తప్పనిసరి చేశారు. బ్రిటిష్‌వారు బలవంతం మాని బతిమాలడానికి దిగారు. అదే సంవత్సరం, పెట్టె కొన్నవాళ్ళకి సగం ధర, 250 పౌండ్లకి మించకుండా, తిరిగి ఇచ్చే పథకం పెట్టారు. నాకు బతిమాలడమే నచ్చింది గాని, ఆకాశంలో ఎదురయ్యేవాడు ఆ బతిమాలింపు విన్నవాడో కాదో ఎలా తెలుస్తుంది?

అల్లుడు స్నేహితుడి పెట్టె ఒకటి వారం రోజులకి అరువు తెచ్చాడు. “మామయ్యగారూ, మీరొస్తారా?” అన్నాడు. నా వయస్సులో కొత్తగా పోయేదేముంది? వెళ్ళాను.

బెడ్‌ఫర్డ్‌షైరు పొలాలు కింద ముక్కలు కుట్టిన బొంతలా ఉన్నాయి. పావుగంట గడిచిందో లేదో చెవుల్లో ఒక ఆడగొంతు హెచ్చరించింది. టాబ్లెట్ మీద మా వెనక, కుడివైపు, రెండువందల అడుగుల పైన ఒక గుర్తు. నేను మెడ తిప్పి చూశాను. రెక్క తప్ప ఏమీ లేదు. సెస్నాకి రెక్కలు నెత్తిమీద ఉంటాయి. పైన ఏముందో కనపడదు. రెక్కలు కిందున్న విమానంలోవాడికేమో కింద ఏముందో కనపడదు. ఇద్దరూ కళ్ళు విప్పుకునే ఉంటారు. అల్లుడు మాట్లాడకుండా ఎడమకి వంచి కిందికి దించాడు. కొన్ని క్షణాలకి మా కుడిపక్కన పైన తెల్లటి పైపర్ విమానం పొట్ట కనిపించింది. మూడు చక్రాలూ లెక్కపెట్టాను. వాడు తన దారిన తాను పోయాడు. మేమున్నామని వాడికి తెలుసునో లేదో!

నా నోరు ఎండిపోయింది. అల్లుడు మంచినీళ్ళ సీసా అందించి, “మీ అమ్మాయితో చక్రాల సంగతి చెప్పకండి” అన్నాడు.

తిరుగుదారిలో డన్‌స్టబుల్ కొండలకి దూరంగా మళ్ళాం. అక్కడ పాత గ్లైడర్ల క్లబ్బు ఉంది. మేఘం కింద నాలుగు తెల్లటి గీతలు తిరుగుతూండడం ముందు నాకే కనిపించింది. వేలుపెట్టి చూపించాను. టాబ్లెట్ చూస్తే శుభ్రంగా ఖాళీ. మా పెట్టెకి వాటి భాష రాదు. ఇందాక ప్రాణం కాపాడినంత పని చేసినదే, ఇప్పుడు ఆకాశంలో పురుగైనా లేదని బొమ్మ గీసి చూపిస్తోంది. అల్లుడు టాబ్లెట్‌ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, గ్లైడర్లు కనుమరుగయ్యేదాకా కిటికీలోంచే చూస్తూ నడిపాడు.

ఇంటికి రాగానే చక్రాలతో సహా అంతా చెప్పేశాను. అల్లుడు నావైపు ఒక చూపు చూశాడు. అమ్మాయి మాట్లాడలేదు. కొంతసేపటికి, “గ్లైడర్లు నీకు ఎంత దూరాన కనిపించాయి నాన్నా?” అని మాత్రం అడిగింది.

ఆ ఆదివారం షెడ్డు పక్కన టీ దుకాణంలో ఆరుగురు స్వంతదార్లూ సమావేశమయ్యారు. తలా వంద పౌండ్ల లోపు ఖర్చు. అయిదుగురు సరేనన్నారు. ఆరో ఆయన నలభై ఏళ్ళుగా కళ్ళనే నమ్ముకుని ఎగురుతున్న పెద్దమనిషి. టాబ్లెట్ వచ్చాక కుర్రాళ్ళు తలవంచుకుని విమానం నడుపుతున్నారని ఆయన ఫిర్యాదు. గ్లైడర్ల కథ విని మరీ బిగుసుకున్నాడు. పైపర్ కథ విన్నాక చాలాసేపు టీ కలుపుతూ కూర్చున్నాడు. చివరికి చెక్కు పుస్తకం తీశాడు గాని, ఒక షరతు రాయించాడు. ఎక్కేముందు ఎవరైనా సరే ముందు అద్దం తుడవాలి. అద్దం మీద చచ్చిన దోమా, దూరాన ఉన్న విమానమూ ఒక్కలాగే కనిపిస్తాయి గనక.

మా మనవడు ఇప్పుడు తండ్రితో ఎగురుతున్నాడు. అద్దం తుడిచే పని వాడిదే.