పేరొకరిది... సొమ్మొకరిది

చెల్పూర్ లాంటి ఊళ్లలో భూమి తగాదా వస్తే ముందుగా వెతికేది పాత పహాణీనే. పట్టాదారు కాలంలో ఒకరి పేరు, అనుభవదారు కాలంలో మరొకరి పేరు. ఆ రెండు గళ్ల మధ్య తరాలు తరాలు కోర్టు మెట్లెక్కి దిగుతుంటాయి. అచ్చం అలాంటి తగాదానే లండన్ బ్యాంకులోని ఓ ఖాతా మీద డెబ్బై ఏళ్లు నడిచింది. అది పరాయి సొమ్మేం కాదు. చెల్పూర్ కూడా ఒకప్పుడు భాగమైన హైదరాబాద్ రాజ్యం సొమ్ము!

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. మూడు రోజులకే, 20న, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని నిజాం ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు బ్రిటన్‌లో పాకిస్థాన్ హైకమిషనర్ రహీంతులా పేరిట మారిపోయాయి. వారం రోజులకే ఏడో నిజాం, 'నా అనుమతి లేకుండా జరిగింది, తిరిగి ఇచ్చేయండి' అని కోరాడు. బ్యాంకు ఇవ్వలేదు. నిజాం దావా వేస్తే, పరాయి ప్రభుత్వాన్ని మన కోర్టుకు ఈడ్చలేమంటూ 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని ఆపేసింది. సొమ్ము ఎవరికీ అందలేదు. వడ్డీ మాత్రం పెరుగుతూ పోయింది.

2013లో పాకిస్థాన్ తానే దావా వేసింది. కోర్టుకు తానుగా వచ్చాక, 'నన్ను విచారించకూడదు' అనే రక్షణ ఇంకెక్కడిది? 2019 అక్టోబరు 2న తీర్పు వచ్చింది. రహీంతులా ఆ సొమ్ముకు ట్రస్టీ మాత్రమే, అసలు హక్కుదారు ఏడో నిజాం అని జస్టిస్ మార్కస్ స్మిత్ తేల్చారు. ట్రస్టు మర్మం అదే. ఖాతా మీద పేరున్నంత మాత్రాన సొమ్ము సొంతమైపోదు, ఎవరి కోసం ఉంచుకున్నారన్నదే ప్రశ్న. అప్పటికి దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లకు చేరిన ఆ నిధి, అప్పటికే రాజీకి వచ్చిన భారత ప్రభుత్వానికీ, నిజాం మనవళ్లు ముకర్రం జా, ముఫఖ్ఖం జాలకూ దక్కింది. మాకూ వాటా ఉందంటూ మరికొందరు వారసులు వెళితే, 2020లో కోర్టు కేసును తిరగతోడడానికి ఒప్పుకోలేదు.

న్యాయం జరిగినట్టే. కానీ ఆ ఖజానాలోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది? పల్లెలు కట్టిన భూమి శిస్తు, కల్లు సారాల మీద ఆబ్కారీ... నిజాం రాబడిలో పెద్ద పాలు ఇవే. నిజాందా, పాకిస్థాన్‌దా అని వాదించారే తప్ప, కట్టినవాళ్ల కోసం ఏ కాగితంలోనూ ఓ గడి లేదు. ట్రస్టు అంటే నమ్మకం. అయినా కోర్టు కాపాడగలిగేది కాగితంలో చోటున్న వాళ్లనే.

తెలంగాణలో 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తర్వాత వచ్చిన పహాణీల్లో అనుభవదారు కాలమే తీసేశారు. కౌలుదారుకు అదెంత నష్టమో లండన్ తీర్పు చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.