డబ్బింగ్ అక్కరలేని అడవి

'పుష్ప' చూడనివాళ్ళు మన పాఠకుల్లో ఎవరయినా ఉంటారా? ఉండరనే నా ధీమా. 2021 డిసెంబరులో విడుదలయిన ఆ సినిమాలో కథ నడిచేది శేషాచలం కొండల్లో. యాస చిత్తూరుది. సరుకు ఎర్రచందనం. హాల్లో కూర్చున్న మనమంతా తిరుపతి కొండల వెనక వైపంతా తిరిగొచ్చామనే అనుకున్నాం. తీరా విచారిస్తే, ఆ దట్టమయిన అడవిలో చాలా భాగం అక్కడిది కానే కాదు! గోదావరికి ఉత్తరాన, రాజమండ్రికి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న మారేడుమిల్లిది. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది కడప, చిత్తూరు, నెల్లూరు వైపు ఎండుకొండల్లో. మారేడుమిల్లిది వానలు దండిగా కురిసే పచ్చి అడవి. ఆ మరుసటి ఏడు వచ్చిన 'ఆచార్య' యూనిట్ కూడా కొన్నాళ్ళు ఇక్కడే మకాం వేసింది.

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వాహినీ స్టూడియోలో ద్వారకానగరం కట్టి మనల్ని ఒప్పించిన పరిశ్రమ మనది. ఒక చోటుని ఇంకో చోటుగా చూపించడం సినిమావాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. నేను చెప్పబోయేది వేరే సంగతి. సినిమా మారేడుమిల్లి నుంచి బొమ్మని పట్టుకెళ్ళింది గాని, చప్పుడుని మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళింది.

అవుట్‌డోర్ షూటింగు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మన నటీనటులు చెట్ల మధ్య నిలబడి పలికిన మాటలు మనకి వినపడవు. ఆ తరవాత ఎప్పుడో నాలుగు గోడల మధ్య, చీమ చిటుక్కుమనని డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెబుతారు. ఒకప్పుడు మనవాళ్ళు బయటి దృశ్యాలకి వాడిన ఆరీఫ్లెక్స్ కెమెరా కుట్టుమిషనులాగా ఒకటే రొద పెట్టేది. దాని పక్కన నిలబడి మాటలు రికార్డు చేయడం అయ్యే పని కాదు. కెమెరాలు మారిపోయాయి, రొద పోయింది. అలవాటు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది. ఇక పిట్టల కూతలు, ఆకుల గలగలలు అంటారా? అవి ఎఫెక్ట్స్ చేసేవాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటాయి. కనుక నలుపు తెలుపు కాలం నుంచి మనం అడవిని బోలెడంత చూశాం. విన్నది బహుతక్కువ.

వినాలంటే వెళ్ళి ఒక రాత్రి అక్కడ పడుకోవలసిందే. లాడ్జిలో గది తీసుకుని, తలుపు బిగించుకుని కాదు. గుడ్డ గోడల గుడారంలో.

అల్లూరి నడిచిన దారి

రాజమండ్రిలో మారేడుమిల్లి మీదుగా భద్రాచలం పోయే బస్సెక్కితే సరి. గోకవరం దాకా మైదానమే. ఆ తరవాత రోడ్డు మెల్లగా కొండల మధ్యకి దూరుతుంది. రంపచోడవరం చేరేసరికి గాలి మారిపోతుంది.

ఈ పేరు వినగానే మీకేదో గుర్తు రావాలి. ఇదే రంప దేశం. 1882 నాటి మద్రాసు అటవీచట్టం పుణ్యమా అని కొండవాళ్ళు తమ కొండల్లోనే పరాయివాళ్ళయిపోయారు. పోడు కొట్టుకోవద్దన్నారు. మేతకీ కలపకీ ఆంక్షలు పెట్టారు. చాలీచాలని కూలికి, ఒక్కొక్కచోట అదీ లేకుండా, రోడ్డు పనులు చేయించారు. ఆ కడుపుమంట 1922లో భగ్గుమంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసుస్టేషన్ల తుపాకులు సీతారామరాజు చేతికొచ్చాయి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల వంతు. 1974లో కృష్ణ గారు తీసిన 'అల్లూరి సీతారామరాజు' కోసం యూనిట్ చింతపల్లి వైపు అడవుల్లో మకాం పెట్టి పని చేసిందని పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ప్రాంతమంతా అల్లూరి పేరిట ఏర్పడిన జిల్లాలో చేర్చారు.

మారేడుమిల్లి చిన్న ఊరు. దిగగానే ముక్కుకి తగిలేది బొంగులో చికెన్ వాసన. పచ్చి వెదురు బొంగులో కారం, మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు దట్టించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. వెదురులోని తడే ఆవిరయి ముక్కని ఉడికిస్తుంది. అడ్డాకులో దించి పెడితే ఎంత తిన్నామో లెక్క తెలియదు. సినిమా యూనిట్లు పెట్టె సర్దుకుపోయినా, ఈ వంటకం పేరు మాత్రం హైదరాబాదు హోటళ్ళ దాకా పాకింది.

అయితే బొంగు తిని, జలతరంగిణి దగ్గర నాలుగు ఫోటోలు దిగి, సాయంత్రం బస్సుకి వెనక్కి పోయేవాళ్ళు మారేడుమిల్లిలో సగమే చూసినట్టు. రెండో సగం చీకటి పడ్డాకే మొదలవుతుంది.

మూడు వైపులా ఏరు

మారేడుమిల్లికి కాస్త దూరంలో వలమూరు అని ఒక గిరిజన గ్రామం. ఆ ఊరి దగ్గర అటవీశాఖా, ఊళ్ళోని వన సంరక్షణ సమితీ కలిసి అమర్చిన విడిది ఉంది. జంగిల్ స్టార్ అని పేరు. పేరు ఇంగ్లీషుదే గాని, చోటు మాత్రం అచ్చంగా కొండదే. మూడు వైపులా వలమూరు వాగు వంపు తిరిగి పారుతుంది. నాలుగో వైపు గడ్డిమైదానం, దాని వెనక కొండలు. వాలి సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని స్థానికులు చెబుతారు. రామాయణం తన ఊళ్ళో జరగలేదని ఒప్పుకునే తెలుగువాడు ఎక్కడున్నాడు గనక!

నేను వెళ్ళింది జనవరిలో. నాకు దక్కింది ఒక చిన్న గుడారం, ఒక పరుపు, రెండు దుప్పట్లు. వంట వలమూరు ఆడవాళ్ళది. కాపలా అదే ఊరి పెద్దాయనది. కొండరెడ్డి. ఈ తెగవాళ్ళ ఇంటి భాష తెలుగే. మామిడి కాపుకొచ్చినా, మామిడి పండగ చేసి దేవతకి పెట్టేదాకా కాయ నోట పెట్టని కట్టుబాటు వీళ్ళది. వెదురు పని, పోడు, చింతపండు, కొండచీపుళ్ళు, తేనె... వీళ్ళ బతుకంతా అడవితోనే ముడిపడి ఉంది. విడిదికి మనం కట్టే డబ్బులో కొంత ఆ ఊరి సమితికి చేరాలన్నది ఈ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన. చెట్టు నరికితే వచ్చే కూలికంటె, చెట్టు నిలబడితే వచ్చే కూలి ఎక్కువ కావాలి. అప్పుడు అడవిని కాయమని ఎవరూ ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు.

పొద్దు వాలింది. కొండగోరింకలు గోల చేసి చేసి సద్దుమణిగాయి. చీకటి పడగానే కీచురాళ్ళు అందుకున్నాయి. మొదట అంతా ఒకటే మోతలా అనిపిస్తుంది. కాసేపు కదలకుండా కూర్చుంటే అందులో పొరలు విడిపోతాయి. ఇటు కీచురాయి, అటు కప్ప, ఎదర కొండ మీద ఏదో రాత్రి పిట్ట సుత్తి దెబ్బలాగా టక్, టక్, టక్. వీటన్నిటికీ అడుగున శ్రుతి పెట్టెలాగా వాగు. ఏ ఇళయరాజా గారో కూర్చి పెట్టినట్టు ఎవరి చోటు వాళ్ళకుంది.

ఎనిమిది గంటల వేళ మరో బృందం దిగింది. రెండు కార్లు, పదిమంది కుర్రాళ్ళు. కారు డిక్కీ ఎత్తి స్పీకరు పెట్టారు. అంతే! 'పుష్ప' పాటలు వరసగా. సినిమా తీసిన అడవిలోనే ఆ సినిమా పాట వినాలని వాళ్ళకి సరదా. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కాని పాట మొదలయిన మరుక్షణం కప్ప మానేసింది, పిట్ట మానేసింది. వాగు పారుతూనే ఉన్నా, మాకెవరికీ వినబడలేదు.

పెద్దాయన నెమ్మదిగా వాళ్ళ దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. గదమాయిస్తాడనుకున్నాను.

"బాబూ, ఆ పాట కాస్త ఆపండి. నాకు ఏరు సప్పుడు ఇనబడాల" అన్నాడు.

"ఏరు ఎక్కడికి పోద్ది తాతా? పొద్దున్న చూసుకోవచ్చులే" అన్నాడొకడు నవ్వుతూ.

"సూడ్డానికి కాదు బాబూ. పై కొండలో వాన పడితే ఇక్కడ మనకి చినుకు రాదు. ఏరు గొంతు మారుద్ది. అది ఇని లేపాల మిమ్మల్ని."

స్పీకరు ఆగిపోయింది. కుర్రాళ్ళు మంచివాళ్ళే. ఎవరూ చెప్పలేదు గనక వాళ్ళకి తెలియలేదు.

ఏరు గొంతు మారితే

ఆ మాటలో అతిశయోక్తి లేదు. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. ఏలూరు నుంచి వైద్యవిద్యార్థులు విహారానికి వచ్చారు. వాగు ఉన్నట్టుండి పొంగింది. ముగ్గురు పిల్లలు కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. డాక్టర్లు కావలసినవాళ్ళు! కొండవాగు తీరే అంత. ఎగువన కురిసిన వాన సన్నని లోయలో పడి, ఒక్క ఉదుటున దిగొస్తుంది. నీళ్ళు మట్టిరంగు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం, చప్పుడు బరువెక్కడం... అది ఇచ్చే హెచ్చరికలు ఇవే. కంటితో చూడలేని చీకట్లో మిగిలేది చెవి ఒక్కటే.

కనుక అడవిలో నిశ్శబ్దం కవులూ, భావుకులూ మాత్రమే కోరుకునే వస్తువు అనుకోకండి. పెద్దాయనకి అది ఉద్యోగపు పనిముట్టు. ఎలుగుబంటి వస్తే ఎండుటాకులు చెబుతాయి. చిరుత కదిలితే కోతులు అరిచి చెబుతాయి. మనం స్పీకరు పెడితే, ఊరికి కాపలా కాసేవాడి రెండు చెవులూ మూసేసినట్టే. మనిషికే ఇంత ఇబ్బందయితే, కూతతో జోడీని పిలుచుకునే పిట్టల మాటేమిటి?

సినిమా వచ్చాక మారేడుమిల్లికి జనం పెరిగారు. పుల్లంగి దాటి గుడిస కొండ మీద మబ్బుల్ని చూడడానికి తెల్లవారుజామున బారులు తీరే జీపులే సాక్ష్యం. జనం రావడం మంచిదే. బొంగు కాల్చే చేతికి, జీపు నడిపే కుర్రాడికి నాలుగు డబ్బులు వస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, తెర మీద చూసిందే ఇక్కడా కావాలని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. తెర మీది అడవిలో పరుగులు, పేలుళ్ళు, డప్పులు. వలమూరులో అవేవీ ఉండవు. అవి లేవని మనమే వెంట తెచ్చుకుంటే, ఇంతదూరం రావడమెందుకు? సీసాలూ, ప్లాస్టిక్ సంచులూ మర్నాడు ఏరి పారేయవచ్చు. చెడిన రాత్రిని ఏరి బాగుచేసే మనిషి లేడు.

ఆ రాత్రి స్పీకరు ఆగిన అరగంటకి కప్ప మళ్ళీ అందుకుంది. ముందు ఒకటి, తరవాత రెండు. ఆఖరున ఆ సుత్తి పిట్ట. కుర్రాళ్ళు నెగడు చుట్టూ చేరి పెద్దాయన్ని పులి కథలు చెప్పమని పట్టుకున్నారు. ఆయన జీలుగు కల్లు గీసే విద్య గురించి చెప్పాడు. అడవి పోతే జీలుగు చెట్టూ పోతుందని, పిల్లలు పట్నం పోతే గీసేవాడూ ఉండడని అన్నాడు. ఆ మాట అన్నాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మిణుగురులు వాగు మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చలి గట్టిగానే ఉంటుంది. స్వెట్టరు, మఫ్లరు మరచిపోవద్దు. వానాకాలంలో పచ్చదనం బాగుంటుంది గాని, వాగులతో చెలగాటం వద్దు. ఇది ఏజెన్సీ, మలేరియా ఉన్న ప్రాంతం. దోమతెర, ఒంటికి రాసుకునే మందు దగ్గర ఉంచుకోండి. గుడారాల సంగతి ముందుగా మారేడుమిల్లిలో అటవీశాఖ వాళ్ళని అడిగి, అనుమతి తీసుకుని మరీ వెళ్ళండి. ఎక్కడ పడితే అక్కడ గుడారం వేయడం, నెగడు పెట్టడం ప్రమాదం. ఎండాకాలంలో ఒక్క అగ్గిపుల్ల కొండంతా తగలబెట్టగలదు. చింతూరు వైపు దిగే ఘాట్‌లో మలుపులు ఇరుకు. చీకట్లో సొంత బండితో సాహసాలు చేయవద్దు. సెల్‌ఫోనుకి సిగ్నలు అందకపోతే బెంగపడవద్దు. ఇంట్లో ముందే చెప్పి వెళితే చాలు.

ఊరివాళ్ళ ఫోటో తీయాలంటే అడిగి తీయండి. ఆడవాళ్ళు వద్దంటే కెమెరా దించండి. తేనె, చింతపండు, కొండచీపుళ్ళు గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో, అమ్మే మనిషి చేతనో బేరం ఎక్కువ లాగకుండా కొనండి.

స్పీకరు మాత్రం ఇంట్లోనే ఉంచండి. 'పుష్ప' పాటలు రాజమండ్రిలో ఏ కిళ్ళీకొట్టు దగ్గర నిలబడినా వినిపిస్తాయి. వలమూరు వాగు పాటకి రికార్డు లేదు, క్యాసెట్టు లేదు. అక్కడికి వెళ్ళి, నోరు కట్టుకుని కూర్చున్నవాళ్ళకే అది వినబడుతుంది.